రెండు చుట్లు

అవెన్యూ రోడ్డులో మా బైండింగు అంగడి
మెట్ల కింద గూడు. మనిషి లోపలుంటే
కత్తెర బయట ఉండాలి.

ఆ గూట్లోకి తల వంచి బిద్దప్ప
గుప్పిట తెరిచాడు. సీసపు గుళ్ళు, పదకొండు.
బొటనవేలి పై కణుపంత.
అడుగున చిన్న గుంట, కుంకుమ బరిణె లోపల్లా.

"కొడగులో మా తాత తుపాకి. మూతిలోంచి మందు కూరేది.
గొట్టం లోపల మూడు చాళ్ళు, మెలి తిరిగి.
గుండు ఒట్టిగా పోతే సీసం చాళ్ళకి అంటుకుంటుంది.
కాగితం తొడగాలి. నా వేళ్ళు వణుకుతాయమ్మా."

పుస్తకాలకి తొడుగులేసే దాన్ని.
గుండుకి అట్ట వేయమన్నవాడు ఇతనే మొదలు.

కొత్త కాగితం తడిపితే అంబలైంది.
పాత గుడ్డ కాగితం కావాలి, నూలు పీచుది,
నీళ్ళలో మునిగినా మాట తప్పనిది.
అటక మీద ఉంది: చిక్‌పేట పట్టుశెట్ల చిట్టా,
నాయన బైండింగుకని తెచ్చి, తిరిగిద్దామంటే
అంగడే లేకపోయిన చిట్టా.
తెలుగు అంకెలు, చింతగింజ రంగు సిరా.

కొలత రెండు చుట్లు, సరిగ్గా.
మూడో చుట్టు మొదలైతే గొట్టంలో దిగదు.
రెండుకి తగ్గితే ఒక పక్క ఒరుసుకుంటుంది.
కొసలు ఏటవాలుగా కోస్తాను.
మొదలూ తుదీ పక్కపక్కనే పడుకోవాలి,
అలిగిన అక్కచెల్లెళ్ళు ఒకే చాప మీద పడుకున్నట్టు,
తాకీ తాకకుండా.

తడి కాగితం మీద గుండు పెట్టి దొర్లిస్తే
బీడీ చుట్టినట్టే. మా మేనత్త సుగుణమ్మ చేయి
నా చేతిలో ఎక్కడో ఉంది.
అడుగున తోక మెలిపెట్టి గుంటలోకి నొక్కాలి.
తెల్లారేసరికి ఆరి బిగుసుకుంటుంది.
గోరుతో గీకినా రాదు.

"ఇక జిడ్డు పుయ్యాలి" అన్నాడు.
చేయి వెనక్కి తీశాను. బడిలో చదివిందే,
ఆ జిడ్డు మీద ఒకప్పుడు ఎన్ని పటాలాలు తిరగబడ్డాయో.
నవ్వి డబ్బా మూత తీశాడు. తేనెమైనం, నువ్వులనూనె.
"మా తోటలో తుట్టెదే. ముట్టుకో."

తొమ్మిదో గుండు దగ్గర ఆగాను.
తడిసిన కాగితం మీద పేరు తేలింది.
హిందూపురం ఓబులయ్య, మగ్గం బయానా.
నాయన వాళ్ళ నాయన. అంకె పక్కన సున్నాలు
చెమ్మకి ఉబ్బాయి.
ఆ అప్పు కిందే మా మూడు మగ్గాలు పోయాయి.
బిద్దప్పకి చెప్పలేదు. ఆయనకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు.
ఆ పేరు లోపలికి పెట్టి చుట్టాను, సీసం వైపుకి.
లేదు, నిజం చెప్పాలి: ముందు బయటికే చుట్టాను.
విప్పి, మళ్ళీ చుట్టాను.

పండగ దాటాక వచ్చాడు. టెంకాయకి
తగిలిందా అంటే మాట మార్చాడు.
కాగితం గుండుతో మూతి దాకానే వస్తుందట.
బయటి గాలి తగలగానే ఊడి
పదడుగుల్లో రాలుతుందట.
రాలినవి ఏరి అగ్గిపెట్టెలో తెచ్చాడు.
పని బాగుంటే చాళ్ళ వెంబడి నిలువునా చీలాలి.
చీలాయి. అంచులు కమిలాయి గానీ కాలలేదు.

కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పీలికా విప్పాను.
ఒకదాంట్లో "బులయ". ఒకదాంట్లో సగం సున్నా.
ఇంకోదాంట్లో బాకీ కావచ్చు, బారలు కావచ్చు,
"బా" దగ్గరే చాలు పడింది.

"ఎంతివ్వాలి?" అన్నాడు.
గుళ్ళకి రేటు మా అంగడిలో ఎప్పుడూ కట్టలేదు.
ఆ పగిలిన టెంకాయలో ఒక చిప్ప తెమ్మన్నాను.
"తగిలితే కదమ్మా పగిలేది" అని తల గోక్కున్నాడు.
"వచ్చే ఏటికి ఇంకో పదకొండు చుట్టిపెట్టు."

చిట్టాలో ఇంకా నూట నలభై పుటలున్నాయి.